మందు లేని వ్యసనానికి ఇంటి పట్టున వైద్యం

కొకెయిను అనే మాట కంటబడగానే మన సంఘంలోని పెద్దలు పత్రిక పక్కన పెట్టేస్తారేమోనని మాకు భయంగానే ఉన్నది. "బీదరులో కూర్చుని మనకీ కొకెయిను గొడవ దేనికయ్యా? అది బొంబాయి సినిమావాళ్ళకూ అమెరికా కోటీశ్వరులకూ చెందిన ముచ్చట" అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం తరఫున ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2018 లో దేశమంతటా విచారించి 2019 లో ప్రకటించిన లెక్కలున్నాయి. వాటి ప్రకారం మద్యం పుచ్చుకునేవారు సుమారు 16 కోట్ల మంది. కొకెయిను వాడేవారు సుమారు 10 లక్షల 70 వేల మంది. అనగా వెయ్యికి ఒక్కరు.

అయినా ఈ వ్యాసం రాయడానికి పూనుకున్నాము. చదువులు ముగియగానే మన పిల్లలు హైదరాబాదుకో, బెంగుళూరుకో వెళ్ళిపోతున్నారు. పాతికేళ్ళకే మన పింఛనుకు నాలుగింతలు జీతం తెచ్చుకుంటున్నారు. ఆ వెయ్యికి ఒక్కడు ఎవరింటివాడు అవుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. అదీగాక ఈ వ్యసనాన్ని మాన్పించడానికి మాత్రలు గాని, సూదిమందులు గాని లేవు. అమెరికా ఔషధ శాఖ ఆమోదించిన మందు ఈనాటికీ ఒక్కటి లేదు. మందు లేకపోవడం వల్లనే వైద్యులు మరో దారి వెతకవలసి వచ్చింది. ఆ దారిలో రోగిని ఆస్పత్రిలో పడుకోబెట్టరు, గదిలో వేసి తాళం పెట్టరు. ఇంట్లోనే ఉండి, ఉద్యోగం చేసుకుంటూ, వారానికి రెండు మూడు మార్లు వైద్యుని దగ్గరకు వచ్చిపోతే చాలు. సంగతులు విన్నకొద్దీ, కొకెయిను ఎరుగని ఇళ్ళకు కూడా ఇది పనికివచ్చేదేనని మాకు తోచింది.

కొకెయిను మన దేశానికి కొత్తదనుకోవడం పొరపాటు. 1884 లో కంటి శస్త్రచికిత్సకు మొద్దుబార్చే మందుగా అది యూరపులో పేరుకెక్కిన కొద్ది ఏళ్ళకే మన దేశంలో తాంబూలంలోకి ఎక్కింది. బీహారులోని భాగల్పూరు వైపు మొదలై కలకత్తాకు పాకింది. తమలపాకులో సున్నంతో కలిపి కిళ్ళీకొట్లవారు రహస్యంగా అమ్మేవారు. కలకత్తా వైద్యుడు కైలాస్ చంద్ర బోస్ 1902 లోనే దీన్ని గురించి విలాయతు వైద్య పత్రికలో రాశారు. 1931 లో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయానికి చెందిన ఆర్. ఎన్. చోప్రా, జి. ఎస్. చోప్రాలు ఈ అలవాటుమీద పెద్ద పరిశోధనే ప్రకటించారు. తాత ముత్తాతల కాలం పవిత్రమైనదనీ, ఈ కాలపు కుర్రవాళ్ళే చెడిపోయారనీ అనేవారు ఈ సంగతి కాస్త గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఈ పదార్థం ఎట్లా పట్టుకుంటుందో టూకీగా చెప్పుకుందాం. కడుపు నిండా తిన్నప్పుడూ, మంచి వార్త విన్నప్పుడూ మనిషికి తృప్తి కలిగించే డోపమైన్ అనే రసాయనం మెదడులో ఉన్నది. పని అయిపోగానే మెదడు దాన్ని తిరిగి లోపలికి లాగేసుకుంటుంది. కొకెయిను ఆ లాగుకోవడాన్ని అడ్డుకుంటుంది. కనుక ఆనందం కట్ట తెగిన చెరువులా పొంగుతుంది. ముక్కుతో పీల్చినవాడికి ఇది అరగంటకు మించి నిలవదు. తరువాత నీరసం, చిరాకు, దిగులు. ఆ వెంటనే మళ్ళీ కావాలనే తహతహ. మద్యంతో కలిపి పుచ్చుకుంటే శరీరంలో మరొక విషపదార్థం తయారై గుండెను ఇంకా బాధిస్తుంది. అయితే ఒక్క విశేషం. దీన్ని ఒక్కసారిగా మానేస్తే దిగులు కమ్ముతుంది, నిద్ర చెడుతుంది గాని, మద్యం మానినప్పటిలాగా మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావడం సాధారణంగా ఉండదు. అందుకనే ఇంటి పట్టున మాన్పించడం సాధ్యమవుతున్నది. కాని ఆ దిగులులో ప్రాణం తీసుకోవాలనే ఆలోచన కొందరికి వస్తుంది. అటువంటప్పుడు మాత్రం ఆస్పత్రే శరణ్యం.

ఇక మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాము. పేరు, పేట చెప్పబోము. మూడు తరాలుగా బీదరులో స్థిరపడిన కుటుంబమే. పెద్దబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో పనిచేసేవాడు. శనివారం రాత్రుల స్నేహాలతో మొదలైంది. ఇంట్లో తెలిసేసరికి రెండేళ్ళు గడిచాయి, అప్పు ఆరు లక్షలు దాటింది. తండ్రి పరువుకు భయపడి ఎవరికీ చెప్పకుండా, ఎవరో చెప్పిన ఒక దూరపు ఊరి 'కేంద్రం'లో చేర్పించాడు. మూడు నెలలు. ఫోను లేదు, కిటికీ లేదు, డాక్టరన్నవాడు నెలకొక మారు. కొట్టారని కుర్రవాడు తరువాత చెప్పాడు. మూడు నెలలూ శుభ్రంగా ఉండి బయటికి వచ్చాడు. హైదరాబాదుకు తిరిగి వెళ్ళి, మొదటి జీతం చేతిలో పడిన సాయంత్రమే మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇందులో ఆశ్చర్యం లేదని డాక్టర్లు అంటారు. తాళం వేసిన గదిలో జీతం రోజు లేదు, శనివారం లేదు, ఆ స్నేహితులు లేరు. వాటి మధ్య ఉండి "వద్దు" అనడం ఆ గదిలో ఎవరు నేర్పుతారు? ఈత నేర్పవలసినవాణ్ణి మూడు నెలలు ఒడ్డున కూర్చోబెట్టి, ఆ మీదట చెరువులోకి తోసినట్టయింది.

నేర్పే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు అమెరికాలో వెర్మాంటు విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ హిగ్గిన్స్. 1990 ప్రాంతంలో ఆయనా ఆయన సహచరులూ కొకెయిను రోగులకు 24 వారాల వైద్యం ఏర్పాటు చేశారు. అందులో సగభాగం అజ్రిన్, హంట్ అనే ఇద్దరు 1973 లో తాగుడు మాన్పించడానికి ఇల్లినాయి రాష్ట్రంలో చేసి చూసిన పద్ధతి. దాని సారాంశం ఏమంటే, మత్తు లేని బతుకు మత్తు ఉన్న బతుకుకన్న రుచిగా ఉండేట్టు చెయ్యాలి. ఉద్యోగం లేనివానికి ఉద్యోగం వెతకడంలో సాయం, భార్యాభర్తల తగవులు తీర్చుకునే మాటలు నేర్పడం, పాత స్నేహాల స్థానంలో ఆటలూ పాటలూ పెట్టడం. మద్యం కూడా పుచ్చుకునేవారికి తాగితే వాంతి తెప్పించే డైసల్ఫిరామ్ మాత్ర, అది కూడా ఇంటివారి కళ్ళెదుట.

రెండో భాగమే చీటీల పద్ధతి. మేము గుమాస్తా పని చేసేవాళ్ళం గనుక ఈ లెక్క మాకు మహా నచ్చింది. మొదటి 12 వారాలూ వారానికి మూడు రోజులు మూత్ర పరీక్ష. కొకెయిను జాడ మూత్రంలో రెండు మూడు రోజులుంటుంది కనుక ఇంత దగ్గర దగ్గరగా చేస్తే తప్పించుకోవడం కుదరదు. మొదటి పరీక్ష శుభ్రంగా ఉంటే రెండున్నర డాలర్ల విలువగల చీటీ. రెండోదీ శుభ్రమైతే దానిమీద ఒకటింబావు డాలరు పెంపు. అట్లా ప్రతిసారీ పెరుగుతుంది. వరసగా మూడు శుభ్రమైతే పది డాలర్లు అదనం. ఒక్క పరీక్షలో కొకెయిను కనబడిందా, చీటీ విలువ మళ్ళీ మొదటి రెండున్నరకు పడిపోతుంది. అయితే సంపాదించుకున్నది పోదు. తిరిగి వరసగా ఐదు శుభ్రంగా వస్తే పాత మెట్టు దక్కుతుంది. కాగితం మీద కూడి చూశాము. 36 పరీక్షల్లో ఒక్కటీ తప్పకపోతే ఆఖరి చీటీ 46 డాలర్ల 25 సెంట్లు, మొత్తం 997 డాలర్ల 50 సెంట్లు. నగదు చేతికివ్వరు. రోగి ఏది కోరితే అది, వైద్యునికి మంచిదని తోస్తే, సిబ్బందే కొని తెస్తారు. చేపలు పట్టేందుకు లైసెన్సు కట్టించుకున్నవారు కూడా ఉన్నారట!

ఫలితం ఏమయింది? 1994 లో ప్రకటించిన పరీక్షలో 40 మందిని రెండు జట్లు చేసి, ఇద్దరికీ ఒకే రకం సలహా వైద్యం ఇచ్చి, ఒక జట్టుకు మాత్రం చీటీలు ఇచ్చారు. 24 వారాలూ చివరిదాకా నిలిచినవారు చీటీల జట్టులో నూటికి 75, లేని జట్టులో నూటికి 40. వరసగా కొకెయిను ముట్టకుండా ఉన్న కాలం సగటున ఒకరికి 11.7 వారాలు, మరొకరికి 6 వారాలు. కొకెయిను వైద్యంలో రోగులు రెండు వారాలకే ముఖం చాటేయడం మామూలు. వచ్చేవాడికే గదా వైద్యం!

చీటీలకు సొమ్మెక్కడిది అనే ప్రశ్న అక్కడా వచ్చింది. దానికి నాన్సీ పెట్రీ అనే విదుషీమణి జవాబు కనిపెట్టింది. ఒక గాజుపాత్రలో 500 చీట్లు. సగం చీట్లమీద "శభాష్" అని తప్ప ఏమీ ఉండదు. 209 చీట్లకు ఒక డాలరు వస్తువు, 40 చీట్లకు ఇరవై డాలర్లది, ఒక్కదానికి మాత్రం వంద డాలర్లది. పరీక్ష శుభ్రమైతే చీటీ తీసే హక్కు. మన ఉగాది సభలో తంబోలా ఆడేటప్పుడు పెద్దలు సైతం కుర్చీ అంచుకు వచ్చి కూర్చుంటారు గదా, ఆ కుతూహలాన్నే ఆమె వైద్యానికి వాడుకున్నది. 2011 నుంచి అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రులు ఈ పద్ధతిని అమలు చేస్తున్నాయి. 2023 లో కాలిఫోర్నియా రాష్ట్రం పేదల వైద్య పథకంలో చేర్చి, మనిషికి ఏడాదికి 599 డాలర్లు మించకుండా ఇవ్వడం మొదలుపెట్టింది.

మన బీదరు కుర్రవాని కథకు వద్దాము. రెండోసారి తండ్రి అతణ్ణి హైదరాబాదులో ఒక మానసిక వైద్యుని దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన చేర్చుకోలేదు. కంపెనీవారు ఇంటినుంచి పని చేయనిస్తారా అని అడిగించి, కుర్రవాణ్ణి బీదరులోనే ఉండమన్నాడు. వారానికొకసారి తన దగ్గరకు రావాలి. సోమ గురువారాల్లో ఇక్కడి ల్యాబులో పరీక్ష. మొదటి శుభ్రమైన పరీక్షకు 50 రూపాయలు, తరువాత ప్రతిదానికీ 25 చొప్పున పెంపు, తప్పితే మళ్ళీ 50. కుర్రవాడు ఒప్పుకుని సంతకం పెట్టాడు. లెక్క తండ్రి రాయాలి. డబ్బు చేతికివ్వకుండా అడిగిన వస్తువు కొనాలి. జీతం తల్లి ఖాతాలో పడాలి.

ఇంటికి రాగానే ఆ తల్లి మాతో అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాము. "గిదేం వైద్యం అన్నా? చెడిపోయినోనికి ఇనాం ఇస్తరా? నా చిన్న కొడుకు ఏనాడన్న తాగిండా, తిన్నడా? వానికెవరిచ్చిన్రు ఇనాం?"

మాకు జవాబు తోచలేదు. న్యాయమైన ప్రశ్న. మరుసటి వారం ఆమె ఆ మాట డాక్టరుగారినే అడిగేసింది. ఆయన నవ్వలేదట, కోప్పడలేదట. "మీ చిన్నబ్బాయికి రోజూ ఇనాం అందుతూనే ఉన్నదమ్మా. పొద్దున లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. జేబులో పైసలు మిగులుతాయి. మీరు నమ్ముతారు. పెద్దబ్బాయికి ఇవన్నీ రావడానికి ఏడాది పడుతుంది. కొకెయిను ఇచ్చే ఇనాం ఐదు నిమిషాల్లో వస్తుంది. ఆ ఏడాది దాకా నడిపించడానికి చేతిలో కాస్త చిల్లర కావాలి" అన్నాడు.

ఇంతకన్న తేటగా ఈ పద్ధతిని చెప్పిన పుస్తకం మాకు కనబడలేదు. మన ఇళ్ళలో ఏం జరుగుతుందో ఆలోచించండి. కుర్రవాడు వారం పాటు మానితే ఎవరూ మాట్లాడరు, "ఎన్నాళ్ళో చూద్దాం" అంటారు. ఒక్క రోజు జారితే ఇల్లంతా లేచి అరుస్తుంది. మానిన రోజుకు ఏమీ లేదు, జారిన రోజుకే ఇంటిల్లిపాది శ్రద్ధా దక్కుతుంది. డాక్టరుగారి లెక్క దీన్ని తల్లకిందులు చేసింది. తొమ్మిదో పరీక్షలో కుర్రవాడు తప్పాడు. హైదరాబాదులో స్నేహితుని పెళ్ళికి వెళ్ళి వచ్చాడు. తండ్రి తిట్టకుండా, డాక్టరు చెప్పినట్టే, పుస్తకంలో 225 కొట్టేసి 50 అని రాశాడు. ఆ రోజు తిట్టకుండా ఉండడం తన జన్మలో చేసిన అతి కష్టమైన పని అని మాతో అన్నాడు.

డాక్టరు ఆ పెళ్ళి గురించి గంటసేపు విచారించాడట. ఎవరు పిలిచారు, ఏ సమయానికి తహతహ మొదలైంది, మనసులో ఏమనుకున్నాడు, తరువాత ఏమయింది అని కాగితం మీద గీయించాడు. ఇది మరో శాఖ. యేల్ విశ్వవిద్యాలయంలో కాథలీన్ కారోల్ మొదలైనవారు వృద్ధి చేసింది. తహతహ వచ్చే ముందు గుర్తులు పట్టుకోవడం, ఆ చోటు తప్పించుకోవడం, తప్పించుకోలేనప్పుడు ఏమి చెప్పి బయటపడాలో ముందే వల్లె వేయడం. తహతహ అల వంటిది. ఎదురు నిలిచి కాసేపు ఓర్చుకుంటే తానే విరిగిపోతుంది. 1994 లో వారు ప్రకటించిన పరిశీలనలో వైద్యం ముగిసిన తరువాతి ఏడాదిలో కూడా గుణం పెరుగుతూనే వచ్చింది. నేర్చుకున్న విద్య గనుక ఊరుకోలేదు. బహుమానాల బలం వేరు. అవి ఉన్నంతకాలం బాగా పనిచేస్తాయి. ఆపిన తరువాత కొందరిలో సడలుతుంది. ఈ లోపం దాచవలసిన పని లేదు. అందుకే రెండు మూడు పద్ధతులు కలిపి చేయడం. 2018 లో 50 పరీక్షలనూ సుమారు ఏడు వేలమంది రోగులనూ కలిపి బేరీజు వేసినప్పుడు, కొకెయిను వంటి ఉత్తేజక పదార్థాలకు బహుమాన పద్ధతీ, అజ్రిన్ గారి బతుకు దిద్దే పద్ధతీ కలిపిన వైద్యమే ముందు నిలిచింది.

ఆ కుర్రవాడు ఇనాం డబ్బుతో మొదట బాడ్మింటన్ బాటు, తరువాత ఒక పాత సైకిలు కొనిపించుకున్నాడు. తెల్లవారుజామున కోట చుట్టూ తొక్కుతున్నాడు. పరీక్షల ఖర్చే ఇనాంకన్న ఎక్కువయిందని తండ్రి గొణుగుతాడు. అయినా మూడు నెలల తాళపు గదికి కట్టినదానిలో ఇది ఆరోవంతు కాదు. మరొకసారి కూడా జారాడు. ఇది రాసేనాటికి ఏడు నెలలుగా శుభ్రంగా ఉన్నాడు. ఆ తల్లి ఇంకా బీరువా తాళం కొంగున కట్టుకునే తిరుగుతున్నది. మేము ఆమెను తప్పుపట్టము.

ఇక ఒక హెచ్చరిక. ఇంటి పట్టున మాన్పించడమంటే ఏ మత్తునైనా ఇంట్లోనే టక్కున ఆపేయవచ్చునని ఎవరూ అనుకోరాదు. మన సరిహద్దు పల్లెల్లో కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేటు కలుపుతారన్నది ఎరగనివారు లేరు. 2021 లో బీదరులోనే రహస్య కార్ఖానా పట్టుబడి, 90 కిలోలకు పైగా అల్ప్రాజోలం దొరికింది. ఈ మందులకు అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా ఆపితే తట్టుకోలేదు. 2015 సెప్టెంబరులో తెలంగాణాలో అధికారులు కల్తీ కల్లును అరికట్టగానే మెదకు, నిజామాబాదు, మహబూబ్‌నగరు వైపు వందలాది కూలీ జనం వణుకు, మూర్ఛ, మతిభ్రమలతో దవాఖానాలకు చేరారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి నిండిపోయింది, ప్రాణాలు పోయాయి. 1956 దాకా జహీరాబాదు, నారాయణఖేడు మన బీదరు జిల్లాలోవే. అక్కడివారు మన బంధువులే. కల్తీ కల్లు గాని, రోజూ తాగే మద్యం గాని మాన్పించదలచినవారు మొదటి వారం పది రోజులు తప్పక డాక్టరు చేతిలో పెట్టాలి. మందు క్రమంగా తగ్గిస్తారు. ఆ గండం గడిచిన తరువాతనే, పైన చెప్పిన నేర్పే పద్ధతి దానికీ వర్తిస్తుంది.

పరువు సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. పోలీసు కేసవుతుందని దాచిపెట్టేవారు చాలామంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఎ అనే సెక్షను ఉన్నది. పుచ్చుకున్న నేరంమీద గాని, చిన్న మోతాదు దగ్గర ఉన్న నేరంమీద గాని కేసైన వ్యసనపరుడు తానై వచ్చి ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపుగల సంస్థలోనో వైద్యం చేయించుకుంటే అతనిపై విచారణ ఉండదు. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చును. అట్లాగే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎవరినైనా గొలుసులతో కట్టడం నిషిద్ధం. ఏ కేంద్రంలోనైనా చేర్చే ముందు రిజిస్ట్రేషను కాగితం చూపమని అడగడం తండ్రి హక్కు. డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు, మూత్ర పరీక్ష చేస్తారా, పంపేసిన తరువాత ఎన్ని నెలలు చూస్తారు అనే మూడు ప్రశ్నలు కూడా అడగాలి. మూడోదానికి జవాబు లేకపోతే లేచి వచ్చేయడం మేలు.

వ్యసనాల వైద్యానికి దక్షిణాదిలో పేరున్న చోటు బెంగుళూరు నిమ్హాన్స్. చెన్నపట్నంలో శాంతి రంగనాథన్ గారు 1980 లో స్థాపించిన టి. టి. రంగనాథన్ సంస్థ కూడా అటువంటిదే. వారు 1989 మొదలు తంజావూరు వైపు పల్లెలో శిబిరాలు పెట్టి, ఊరివారి సాయంతోనే తాగుడు మాన్పించి చూపారు. అంత దూరం పోలేనివారు ముందుగా మన బ్రిమ్స్ దవాఖానాలో మానసిక వైద్యుని కలవవచ్చును. నోరు విప్పి ఎదుట చెప్పడానికి సిగ్గయితే 14416 నంబరుకు ఫోను చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలి మానస్ సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చును, పైసా ఖర్చు లేదు. మత్తు వ్యసనాలకు విడిగా 14446 ఉన్నది. ఫోను చేసేటప్పుడు ఏ పదార్థం, ఎంత కాలంగా, ఆఖరుసారి ఎప్పుడు అనే మూడు సంగతులు కాగితంమీద రాసి దగ్గర పెట్టుకుంటే అవతలివారికి పని సులువవుతుంది.